తువ్వాల కింద ఎక్స్

మిషనుతో బేరమాడవచ్చని నమ్మినవాడు దేశంలో ఇంకెవడైనా ఉన్నాడేమో నాకు తెలియదు. ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య మాత్రం నేనొక్కణ్ణే.

మాది ఆళ్లగడ్డ బజారులో ఎద్దుల సామాన్ల అంగడి. పగ్గాలు, పలుపులు, ముకుతాళ్లు, మువ్వల పట్టీలు, చర్నాకోలలు, కొమ్ములకు తొడిగే ఇత్తడి తొడుగులు. ఎద్దుకు కావలసిందల్లా మా దగ్గర దొరికేది, ఎద్దు తప్ప. మాకు ఎడమపక్క బట్టల అంగడి, కుడిపక్క బెల్లం మండీ, ఎదురుగా ఇనుప సామాన్లు. నేను మాటలు నేర్చింది ఈ అంగళ్ల మధ్యే. నాకు మొదట వచ్చిన మాట "అమ్మా" కాదనీ, "అంతకు రాదప్పా" అనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. నమ్మకండి. అది రెండోది.

మా బజారులో ఏ మాటకైనా మూడు విలువలుంటాయి. నోటితో చెప్పేది ఒకటి, మనసులో ఉండేది ఒకటి, చివరికి ఇచ్చేది ఒకటి. అవతలివాడికీ ఈ సంగతి తెలుసు కాబట్టి ఎవరికీ మోసం జరగదు. పైగా మా నాయన చచ్చినా ముందుగా లెక్క వెయ్యడు. కొనేవాడు ఎన్ని సామాన్లు ఏరి కుప్ప పోసినా ఊ కొడుతూ కూర్చుంటాడు. వాడి చెయ్యి జేబులోకి పోయాకనే ఈయన నోట్లో అంకె పుడుతుంది. "తీసుకునేది లేనిది తెలీకముందే ఊరికే లెక్కేసి తలకాయ ఎందుకు అరగదీసుకోవాల?" అనేవాడు. ఈ పద్ధతిలో పెరిగి కంప్యూటర్ నేర్చుకోవడానికి పోయాను.

ఎనభైలు సగం దాటాక నంద్యాలలో ఒక ఎరువుల అంగడి మేడ మీద, రెండు గదుల్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. అప్పటికి నేను నంద్యాలలోనే డిగ్రీ చదివి, రెండు సబ్జెక్టులు మిగుల్చుకుని, అంగట్లో గల్లాపెట్టె దగ్గర దిండు మీద కూర్చుంటున్నాను. నడిపేది ఒక మేడం. గోస్పాడు వైపు మనిషి, వాళ్ల నాన్న చర్చి బడిలో పంతులు. లెక్కల్లో ఎమ్మెస్సీ. మనిషి సన్నం, గొంతు గట్టి.

చేరిన రోజే బేరం మొదలుపెట్టాను.

"కోర్సు ఎన్ని నెలలు మేడం?"

"మూడు."

"రెండు నెలల్లో ఇయ్యండి మేడం. రోజూ ఆళ్లగడ్డ నుంచి వస్తాండా."

"బెల్లం అనుకుంటివా అప్పా, తగ్గించి తూకమెయ్యడానికి? ఆ బెంచీ మీద కూర్చో."

మిషను ఒక్కటే ఉండేది. టైపు మిషనంత డబ్బా, దానికొక పాత టీవీ, పక్కన పాటలు వినే టేప్‌రికార్డరు. రాసిన ప్రోగ్రాం దాచుకోవాలంటే క్యాసెట్టులోకి ఎక్కించాలి. ఆ క్యాసెట్టు తిరిగేటప్పుడు ఎవరో రేకు మీద మేకుతో గీస్తున్నట్టు పళ్లు జివ్వుమనేవి. చెప్పులు మెట్ల దగ్గరే వదిలి లోపలికి రావాలి. కాబట్టి మేం పదకొండు మందిమి భయభక్తులతో, ఒక కన్ను చెప్పుల మీద పెట్టి పాఠం వినేవాళ్లం.

మా బ్యాచీలో చెప్పుకోదగిన వాళ్లిద్దరు. ఒకరు, ఊళ్లోనే టైపు నేర్చి వచ్చిన అమ్మాయి. ఇంచుమించు నా వయసే. నేను ఆమెను అక్కా అనేవాణ్ణి, ఆమె నన్ను అన్నా అనేది. పెద్దరికం ఒకరి మీదికొకరు తోసుకుంటూ మూడు నెలలూ గడిపాం. రెండోవాడు ఆళ్లగడ్డ-నంద్యాల బస్సు కండక్టరు. డ్యూటీ సందు చూసుకుని వచ్చి కూర్చునేవాడు. ఉన్న ఉద్యోగం ఉండగా ఇదెందుకప్పా అంటే, "టిక్కెట్లు కొట్టే మిషన్లు వస్తాయంట. వచ్చినాక అది నన్ను దించేస్తాదా, నేను దాన్ని దించేస్తానా తెలుసుకోవాల" అనేవాడు.

మొదటి వారం మేడం బోర్డు మీద 2 + 3 * 4 అని రాసి, ఆ నక్షత్రం గుర్తు గుణకారమని చెప్పి, "ఎంతప్పా?" అంది.

అందరం ఒకే గొంతుతో ఇరవై అన్నాం. రెండూ మూడూ ఐదు, ఐదు నాలుగ్గుల ఇరవై. మేడం టకటకా కొట్టింది. టీవీలో 14 అని వచ్చింది.

కండక్టరు లేచాడు. "మేడం, ఇది కొత్తదా, సెకండ్‌హ్యాండా?"

గది ఘొల్లుమంది. నాకు మాత్రం ఇది నవ్వే విషయంగా తోచలేదు. రెండు పక్షాలున్నాయి, రెండు అంకెలున్నాయి, మధ్యలో తెగొట్టేవాడు లేడు.

"మేడం, మేం ఇరవై అంటాండాం. అది పద్నాలుగు అంటాండాది. పదిహేడుకు తెంపండి. మాకూ వద్దు, దానికీ వద్దు."

మేడం సుద్దముక్క కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీది ఏమి అంగడప్పా?"

"ఎద్దుల సామాన్లు మేడం."

"అట్ల చెప్పు. ఇది ఎద్దు కాదు. దీని పళ్లు చూసి వయసు చెప్పలేవు, దీంతో బేరం ఆడలేవు. గుణకారం ముందు, కూడిక తర్వాత. నీకు కూడికే ముందు కావాలనుకో, బ్రాకెట్ కట్టు. బ్రాకెట్లో బ్రాకెట్ ఉంటే అన్నింటికన్నా లోపలిది ముందు. అది తేలినాకే బయటిది."

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని దీని మీద చాలా మథనపడ్డాను. ఓడిపోయిన బేరాన్ని మళ్లీ మళ్లీ నెమరేయడం మా ఇంటి జబ్బు. అప్పుడు తట్టింది. రైతు ఒకడు అంగట్లోకి వచ్చి, "రెండు పగ్గాలు, నాలుగు ఎద్దులకు మూడేసి మువ్వల పట్టీలు ఇయ్యప్పా" అంటాడు. నేను మూటలో ఎన్ని వస్తువులు కడతాను? పద్నాలుగు. ఇరవై కడితే నాయన నన్నే మూట కడతాడు. పద్నాలుగని ఏ రైతూ నాకు బ్రాకెట్ వేసి చెప్పలేదు. నలభై ఏళ్లుగా మేం మిషను పద్ధతిలోనే మూటలు కడుతూ, బోర్డు మీద చూసేసరికి ఇరవై అన్నాం. సిగ్గేసింది. మర్నాడు ఈ సంగతి మేడంకు చెప్పలేదు. ఓడినవాడు తనంతట తాను ఒప్పుకోవడం మా బజారులో లేదు.

తర్వాత పేర్లు. ఒక అంకెకు ఎక్స్ అని పేరు పెట్టి దాచుకోవచ్చని చెప్పింది మేడం. ఎక్స్ = 5 అని కొడితే ఇక ఎక్స్ అన్నచోటల్లా ఐదు అని అర్థం. బాగానే ఉంది. మర్నాడు బోర్డు మీద ఎక్స్ = ఎక్స్ + 1 అని రాసింది. బెంచీలు కదిలాయి. డిగ్రీ దాకా లెక్కలు చదివినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లకది చర్చిలో బూతు విన్నట్టుంది.

"ఏ మనిషన్నా తనకన్నా తాను ఒకటి ఎక్కువుంటాడా మేడం?" అన్నాడు కండక్టరు. "మా బస్సులో తప్ప?"

"ముందు కుడిపక్క తేల్చుకో," అంది మేడం. "పాత ఎక్స్‌కు ఒకటి కలిపితే ఆరు. ఆ ఆరును తీసుకొచ్చి మళ్లీ ఎక్స్ అని పేరు పెడతాండావ్. పాత ఐదు పోయె. అది 'సమానం' కాదు, 'పెట్టు' అనుకో."

ఇది నాకొక్కడికే పానకంలా దిగింది. పొద్దున ఒక ధర, మధ్యాహ్నానికి దాని మీద ఇంకొంచెం, రెండింటికీ పేరు "ధరే". ఇందులో వింతేముంది? ఆమె చివర అన్న మాట, పాత ఐదు పోయిందన్న మాట, అప్పుడు నేను సరిగా వినలేదు. వినుంటే ఈ కథ లేదు.

రెండో నెల చివర మేడం చెప్పింది. పొద్దున ఇంకో బ్యాచీ నడుస్తోంది, దానికి చెప్పడానికి ఒక మనిషి కావాలి. మాలోనే పరీక్ష పెట్టి ఒకరిని తీసుకుంటుంది. లెక్క ముందే ఇచ్చేసింది: బస్సు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు బయలుదేరుతుందో అడగాలి, ఎన్ని నిమిషాల ప్రయాణమో అడగాలి, దిగేసరికి ఎంతవుతుందో చెప్పాలి. గంటలుగా కాకున్నా, అర్ధరాత్రి నుంచి ఎన్ని నిమిషాలో చెబితే చాలు. వారం రోజులు ఇంట్లో కాగితం మీద రాసుకోవచ్చు. సోమవారం వచ్చి ఒక్కొక్కరూ టైపు చెయ్యాలి. రన్ ఒక్కసారే. దిద్దుకోవడాల్లేవు.

ఆ సాయంత్రం ఆళ్లగడ్డలో బస్సు దిగగానే ఎదురంగడి ఇనుప సామాన్ల ఆయన పట్టుకున్నాడు.

"ఏమప్పా, రోజూ నంద్యాలకు పోతాండావ్. యాడికి?"

"కంప్యూటర్ సారుగా తీసుకున్నారన్నా," అన్నాను.

ఎందుకన్నానో వివరించాలి. మా పద్ధతిలో వందకు ఆశపడేవాడు నూట అరవై చెబుతాడు. ఉద్యోగం వచ్చిందని చెబితే కనీసం వచ్చేలా ఉందన్న దగ్గరైనా బేరం ఆగుతుంది కదా అని. కానీ ఈయన బేరమాడలేదు. మొదటి మాటనే నమ్మేశాడు. నేను ఇంటికి చేరేలోపల మాట మా అంగడికి చేరింది. మర్నాడు పొద్దున చూస్తే గల్లాపెట్టె దగ్గర దిండు మీద మా తమ్ముడు కూర్చుని ఉన్నాడు. డిగ్రీ చాలించి ఇంట్లో ఉన్నాడు వాడు. కాళ్లు మడుచుకుని, వీపు గోడకు ఆనించి, పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు.

"సారువాళ్లు వచ్చినారు, కుర్చీ ఎయ్ నాయనా," అన్నాడు వెధవ.

అంగట్లో కుర్చీ లేదు. ఉన్నది ఆ దిండొక్కటే. బెల్లం మండీ ఆయన, బట్టల ఆయన, చివరికి మూటలు మోసే పెద్దాయన కూడా నన్ను సారూ అనడం మొదలుపెట్టారు. వారం రోజుల్లో నేను ఆ ఉద్యోగం నిజంగా సంపాదించకపోతే, కూర్చోవడానికి నాకు ఆళ్లగడ్డలో చోటు లేదు, నంద్యాలలో లేదు, మధ్యలో కండక్టరు పక్క సీటు తప్ప.

కాబట్టి ప్రోగ్రాం మీద పడ్డాను.

మా మేనమామ ఎద్దుల దళారి. సంతలో బేరం నోటితో జరగదు. ఇద్దరూ చేతులు కలుపుకుని పైన తువ్వాల కప్పుకుంటారు. చూపుడువేలు పట్టుకుంటే ఒకటి, రెండు వేళ్లు పట్టుకుంటే రెండు, చెయ్యంతా పట్టుకుంటే ఐదు. చుట్టూ పదిమంది నిలబడినా ఎవరికీ ఏమీ తెలియదు. ధర చెప్పేవాడు ముందు "వేలు" అని గొణిగి రెండు వేళ్లు పట్టుకుంటాడు, తర్వాత "వందలు" అని చెయ్యంతా పట్టుకుంటాడు. రెండున్నర వేలు. అవే వేళ్లు, అదే తువ్వాల. వేలు పట్టుకున్న ప్రతిసారీ కొత్త తువ్వాల కప్పేవాణ్ణి సంతలో ఎవడూ నిలబడనివ్వడు. ఈ విద్య నాకు మామే నేర్పాడు. కళ్లు మూసుకుని చేయగలను.

ప్రోగ్రాం కూడా అట్లాగే రాశాను. ఎక్స్ అడుగు, అవి గంటలు. మళ్లీ ఎక్స్ అడుగు, అవి నిమిషాలు. ఎక్స్‌ను అరవైతో గుణించి, ఎక్స్ కలిపి, వచ్చినదానికి వై అని పేరు పెట్టు. మళ్లీ ఎక్స్ అడుగు, అది ప్రయాణం. వైకి ఎక్స్ కలిపి చూపించు. ఒక్క ఎక్స్‌తో మూడు పనులు. టైపు అక్క కాగితంలో చూశాను కదా, గంటలకొక పేరు, నిమిషాలకొక పేరు, ప్రయాణానికొక పేరు. అంత దుబారా ఎందుకో.

రాసి ఊరుకోలేదు, పరీక్షించాను. అంగడి వెనక మూటల మీద కూర్చుని, నేనే మిషనునై, ఎడమచేతి వేళ్లు కుడిచేత్తో పట్టుకుంటూ వరస తప్పకుండా లెక్క వేశాను. ఐదింటి ఇరవైకి బయలుదేరితే? సరిగ్గా వచ్చింది. పదింటి పదికి? సరిగ్గా వచ్చింది. వారంలో కనీసం ముప్పై బస్సులు పంపించాను. ఒక్కటీ ఆలస్యం కాలేదు.

సోమవారం పొద్దున కరెంటు ఉంది. అదే పెద్ద శకునం.

మేడం కండక్టరు వైపు తిరిగింది. అతను పరీక్షకు కూర్చోలేదు, చూడ్డానికి వచ్చాడు. "నీ బస్సు ఆళ్లగడ్డలో ఎన్నింటికప్పా?"

"ఆరూ యాభైకి మేడం."

"నంద్యాలకు ఎంతసేపు?"

"కాగితంలో గంటా ముప్పై ఐదు."

"నిజంగా?"

"అది నన్నడగొద్దండి మేడం, డ్రైవరన్ననూ అడగొద్దండి."

"సరే, కాగితంలోదే. ఆరు, యాభై, తొంభై ఐదు. అందరికీ ఇవే అంకెలు."

టైపు అక్క మొదట కూర్చుంది. తల ఎత్తకుండా కొట్టింది. రన్ చేసింది. ఆరు, యాభై, తొంభై ఐదు ఇచ్చింది. 505 వచ్చింది. మేడం బోర్డు మీద అరవైతో భాగించింది. ఎనిమిదీ ఇరవై ఐదు.

"అంత తొందరగా యాడ పోతాది మేడం మా బస్సు," అన్నాడు కండక్టరు. అయినా చప్పట్లు కొట్టాం.

తర్వాత ఇద్దరికి తప్పులున్నాయని మిషనే చెప్పి ఆగిపోయింది. నా వంతు వచ్చింది. నాకంటే తక్కువ పేర్లతో రాసినవాడు ఆ గదిలో లేడు, నాకు తెలుసు. టైపు చేశాను. రన్ కొట్టాను. ఆరు. యాభై. తొంభై ఐదు.

3145.

మేడం చాలాసేపు టీవీ వైపు చూసింది. తర్వాత తాపీగా బోర్డు దగ్గరికి పోయి భాగించింది. యాభై రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు.

"ఏమప్పా," అంది కండక్టరుతో. "నీ బస్సు ఎల్లుండి తెల్లారుజామున నాలుగూ ఇరవై ఐదుకు నంద్యాలకు వస్తాదంట."

"కరెక్టు మేడం," అన్నాడు వాడు లేచి నిలబడి. "ఈ మిషను మా రోడ్డు చూసిండాది."

గది కూలిపోయేలా నవ్వారు. టైపు అక్క కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. నేను టీవీలో ఆ అంకెనే చూస్తున్నాను. చెవుల్లో వేడి. అయినా కళ్లు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి, నలభై ఏళ్ల అంగడి రక్తం ఊరికే పోదు.

"మేడం, ఇరవై ఐదు నిమిషాలు అక్కకూ వచ్చినాయి, నాకూ వచ్చినాయి. గంటల్లోనే తేడా. సగం మార్కులు ఇయ్యండి."

"సగమా? ఎక్కినోళ్లు రెండు రోజులు బస్సులో కూర్చోవాల్నా, నీ సగం మార్కుల కోసం?"

"పోనీ పావు."

"ముందు ఇది చెప్పు. ఎక్స్ మళ్లీ మళ్లీ ఎందుకు అడిగినావ్?"

చెబితే అర్థమయ్యే విషయం కాదు. కండక్టరును పిలిచాను, వాడి భుజం మీది తువ్వాల అడిగాను. వాడిది ఎద్దులున్న ఇల్లే, వాడికీ ఈ విద్య తెలుసు. ఇద్దరం చేతులు కలిపి తువ్వాల కప్పుకున్నాం. "వేలు," అని రెండు వేళ్లు పట్టుకున్నాను. "వందలు," అని చెయ్యంతా పట్టుకున్నాను. "ఎంత చెప్పినానప్పా?"

"రెండున్నర వేలు. ఎద్దు యాడ?"

"చూసినారా మేడం? ఒకే చెయ్యి. రెండుసార్లు. తప్పు వచ్చిందా?"

మేడం నా వైపు చూడలేదు. కండక్టరునే అడిగింది. "ఈ అన్న రెండోసారి పట్టుకున్నప్పుడు, ఆ మొదటి రెండు యాడుండాదప్పా?"

"యాడుంటాది మేడం, నా తలకాయలో ఉండాది."

"తువ్వాల కింద లేదా?"

"తువ్వాల కింద ఇప్పుడుండేది ఐదే కదా మేడం."

అంతే. ఆ "ఐదే" అన్న మాట దగ్గరే నాకు లెక్క తేలింది. మూటల మీద కూర్చుని నేను ముప్పై బస్సులు నడిపింది వేళ్లతో కాదు, తలకాయతో. గంటలను ఎవరూ దాచమనకపోయినా నేనే దాచి, అరవైతో గుణించాల్సిన చోట నేనే తీసి ఇచ్చుకున్నాను. మిషనుకు నేనిచ్చింది ఒక్క చెయ్యి. అది యాభై పట్టుకున్న క్షణం ఆరు జారిపోయింది. యాభైని అరవైతో గుణించి, యాభైనే కలిపింది. చెప్పింది చెప్పినట్టు చేసింది. మా బజారులో ఎవరూ, ఎవరితోనూ, అట్లా ప్రవర్తించగా నేను చూడలేదు.

"మీ ఇద్దరికీ రెండు తలకాయలుండాయి," అంది మేడం. "దానికి తలకాయ లేదు. పేరు ఒక్కటే ఉండాది. గుర్తుండాలంటే ఇంకో పేరు ఇయ్యాల."

వెనక బెంచీలో రెండు నెలలుగా నోరు తెరవని ఇద్దరున్నారు. వాళ్లలో ఒకడు గట్టిగా, "ఓ, ఎక్స్ అంటే ఇదా! తువ్వాల కింద చెయ్యి!" అన్నాడు. ఇంకొకడు, "మరి ఎక్స్‌కు ఒకటి కలిపితే పాతది పోవడమూ ఇదే కదా," అన్నాడు. మేడం ఆ ఇద్దరినీ, తువ్వాలనూ, నన్నూ వరసగా చూసింది.

"ఉద్యోగం అక్కకే," అంది.

న్యాయమే. నేను తువ్వాల మడిచి ఇచ్చేస్తుంటే కండక్టరు ఉండబట్టలేక, "మేడం, ఈ అన్నకు అట్లనొద్దండి. ఆళ్లగడ్డలో ఎప్పుడో సారైపోయినాడు. బజారంతా సారూ సారూ అంటాండారు. దిండు గూడా తమ్మునికి ఇచ్చేసినాడు," అని నా సంసారమంతా విప్పి బెంచీ మీద పరిచాడు.

రెండు నెలల్లో మేడం నవ్వడం మొదటిసారి చూశాను. నవ్వి, కళ్లు తుడుచుకుని, "పొద్దున బ్యాచీకి రా. అక్క చెప్పినాక అర్థం కానోళ్లను ఒక పక్కకు తీసుకుపోయి నీ భాషలో చెప్పు. ఆ కిటికీ దగ్గర స్టూలు నీది," అంది.

"సరే మేడం," అన్నాను.

మర్యాదగా, వెంటనే, ఒక్క మాటలో.

బస్సులో కండక్టరు టిక్కెట్లన్నీ కొట్టి వచ్చి నా పక్కన కూర్చున్నాక అడిగాడు. "ఎంతిస్తారంటన్నా?"

శిరివెళ్ల దాటేదాకా కిటికీలోంచి మైలురాళ్లు లెక్కపెట్టాను.

అంగట్లో నాయన పగ్గాలు చుట్టలు చుడుతున్నాడు. తమ్ముడు దిండు మీద ఉన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడే చెప్పాను.

"నాయనా, మొన్న నేను చెప్పింది అబద్ధం. అప్పటికి ఉద్యోగం రాలేదు."

"తెలుసులే."

"తెలుసా?"

"ఆ ఇనుపాయన వచ్చి చెప్తానే తెలిసె. నీ మాట ధర నాకు తెలీదా? వీన్ని ఈడ కూర్చోబెడితే రెండు రోజుల్లో దిగొచ్చి నిజం చెప్తావనుకుంటి. నువ్వు దిగకపోతివి." పగ్గం చుట్ట పక్కన పెట్టాడు. "ఇప్పుడు వీడు దిగేటట్టు లేడు. నీకన్నా బాగానే అమ్ముతాండాడు."

తమ్ముడు దిండు సర్దుకున్నాడు.

"ఇయ్యాల పరీక్ష అయింది. ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చినారు," అన్నాను. "నన్ను పొద్దున పూట వచ్చి అర్థం కానోళ్లకు చెప్పమన్నారు. స్టూలు ఇచ్చినారు."

"స్టూలన్నా స్టూలే. ఎంతిస్తారంట?"

"అడగలేదు నాయనా."

"నువ్వు ఎంత చెప్పినావ్?"

"ఏమీ చెప్పలేదు. ఆమె రమ్మనె, నేను సరే అంటి."

"మొదటి మాటకేనా?"

"మొదటి మాటకే."

నాయన లేచి వచ్చాడు. కొబ్బరినార అంటిన చేతిని పంచకు తుడుచుకుని, వీధిలో అందరూ చూస్తుండగా, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. జ్వరం లేదు. మెడ దగ్గర కూడా చూశాడు. తర్వాత లోపలికి తిరిగి మా అమ్మను కేకేశాడు, వీనికి అన్నం పెట్టు, ఏమో అయ్యిండాది అని.

మర్నాడు ఎంతిస్తారో తేల్చుకునే తీరాలని నిశ్చయించుకుని, ఎంత అడిగి ఎక్కడ ఆగాలో దారంతా లెక్క కట్టుకుని నంద్యాలకు పోయాను. మెట్లెక్కి చెప్పులు విడిచేసరికి స్టూలు చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. వెలుగోడు నుంచి వచ్చే కుర్రవాడొకడు నోటుపుస్తకం చాపి, "అన్నా, బ్రాకెట్లో బ్రాకెట్ ఎందుకు పెట్టాల?" అన్నాడు. రెండు పగ్గాలు, నాలుగు ఎద్దులు, మూడేసి మువ్వల పట్టీలు అని మొదలుపెట్టాను. పదింటికి బ్యాచీ అయిపోయింది. మేడం తాళం తీసుకుని కిందికి దిగుతోంది.

"ఏమన్నా అడగాల్నా అప్పా?" అంది మెట్ల మీద ఆగి.

"తువ్వాల ఒకటి ఈడ్నే పెట్టుకుంటా మేడం," అన్నాను.